పెరగని ఖాళీ

గోడ గడియారం రెండూ నలభై చూపిస్తోంది. నాలుగింటిలోపు సంగతి తేలకపోతే ఈ గదిలో రెండు పనులు జరిగిపోతాయి. కిటికీ పక్కనున్న కంప్యూటరును పూర్తిగా తుడిచేసి కొత్తదానిలా సిద్ధం చేస్తారు. దాని ముందు ఆరేళ్ళుగా కూర్చుని పనిచేస్తున్న అమ్మాయిని పోలీసులకు అప్పజెబుతారు. ఫిర్యాదు కాగితం డైరెక్టరు బల్ల మీద ఉంది. సంతకమే తరువాయి.

ఆ రెండు పనుల్నీ ఆపమని పిలిపించుకున్న డిటెక్టివుని ఊరంతా భూతద్దం అంటుంది. నిజానికి ఆవిడ చేతిలో భూతద్దం చూసినవాడు ఒక్కడూ లేడు. ఉన్నదల్లా సీసా అడుగంత మందం కళ్ళజోడు, దాని వెనక దేన్నీ ఓ పట్టాన నమ్మని కళ్ళు. ఈ పనిలోకి రాకముందు పద్దెనిమిదేళ్ళు గోడౌన్లు తనిఖీ చేసింది. తక్కిన ఇన్‌స్పెక్టర్లు బస్తాలు లెక్కపెడితే, ఈవిడ బస్తాలు లేని చోటు కొలిచేది. సరుకు పోయిందని గుండెలు బాదుకున్నవాడి గోడౌనులో పోయిన సరుకుకి సరిపడా ఖాళీ కనపడకపోతే, అది దొంగ ఏడుపని అక్కడికక్కడే తేల్చేసేది.

"అమ్మాయ్, నా కోడలు దొంగ కాదు. అంతే. అక్కణ్ణించి మొదలుపెట్టు," అంది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చున్న పెద్దావిడ.

ఆవిడ పదాలమ్మ. వడ్రంగుల దగ్గరికీ, పడవలవాళ్ళ దగ్గరికీ, కుమ్మరుల దగ్గరికీ, కొలిమి పనివాళ్ళ దగ్గరికీ పందొమ్మిదేళ్ళు తిరిగి, వాళ్ళ వాళ్ళ పనుల్లో వాడే మాటల్ని వాళ్ళ గొంతులతోనే రికార్డు చేసుకొచ్చిన మనిషి. మొత్తం అరవై ఒక్క వేల నాలుగు వందల పదకొండు మాటలు. ఈ పదకోశ కార్యాలయం ఆ పని మీదే నడుస్తోంది. మాటలన్నీ 'మాటలపెట్టె' అనే అప్లికేషన్లో ఉండేవి. నిన్న గురువారం సాయంత్రం ఒక్కటీ మిగలకుండా పోయాయి. చెరిపిన పేరు కోడలిది. కాపీలు పెట్టుకునే బయటి డిస్కు బీరువాలోంచి మాయమైంది. బీరువా తాళంచెవి ఉన్నది కోడలి దగ్గర.

"అత్తయ్యా, మీరు కాస్త ఊరుకోండి. మేడంగారిని అడగనివ్వండి," అంది కోడలు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల ముక్కు ఎర్రబడింది.

"నేనెందుకు ఊరుకోవాలి? నువ్వు ఆరూ నలభైకి ఇంట్లో ఉన్నావు. నా కళ్ళతో చూశాను. ఆ ముక్క చెబితే ‘అత్తగారి సాక్ష్యం చెల్లదు’ అంటాడు డైరెక్టరు! కోడలి కోసం అత్త అబద్ధమాడ్డం ఏ లోకంలోనైనా ఉందా, నువ్వు చెప్పు అమ్మాయ్?"

భూతద్దం నవ్వు ఆపుకుని కోడలి వైపు తిరిగింది. "నిన్న ఎన్నింటికి వెళ్ళావమ్మా?"

"ఆరూ పదికి మేడం. ఆరూ ఐదుకి ఖాళీ రాశాను. నా లాగిన్ మూసేశాను. డిస్కు బీరువాలో పెట్టి తాళం వేసి, నడుచుకుంటూ ఇంటికెళ్ళాను. అరగంట నడక."

"ఖాళీ రాశావా? అదేంటి?"

కోడలు బీరువా పక్కన అంటించిన కాగితం చూపించింది. తేదీలు, వాటి ఎదురుగా అంకెలు. "ఈ మెషీన్లో జాగా ఎప్పుడూ చాలదు మేడం. పెద్ద డిస్కు తెప్పించమని రెండేళ్ళ నుంచి మొత్తుకుంటున్నా. ‘మొన్ననే కదా బోలెడు ఖాళీ ఉందన్నావు’ అని మేనేజరుగారు దబాయిస్తారు. అందుకని రోజూ వెళ్ళేముందు డిస్కులో ఎన్ని జీబీలు మిగిలాయో చూసి అక్కడ రాస్తాను. మాట మార్చకుండా ఉంటారని."

భూతద్దం కాగితం దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించినంత పని చేసింది. బుధవారం యాభై రెండు. గురువారం యాభై ఒకటి. ఇవాళ్టి గడి ఖాళీ.

"ఇవాళ రాయలేదా?"

"ఎవరికి మనసొప్పుతుంది మేడం? పైగా నన్ను మెషీను ముట్టుకోవద్దన్నారు."

"నేను ముట్టుకోవచ్చుగా. ఎక్కడ నొక్కాలో చెప్పు." తెర మీద అంకె కనపడింది. యాభై ఒకటి. "మాటలపెట్టె బరువెంత?"

"రికార్డింగులతో కలిపి నలభై ఆరు జీబీలు."

భూతద్దం కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. గోడౌనులోంచి నలభై ఆరు బస్తాలు పోయాయట. ఖాళీ మాత్రం ఒక్క బస్తా మేరకైనా పెరగలేదట! ఈ ముక్క ఇప్పుడే బయటపెడితే వినకూడనివాళ్ళ చెవిన పడుతుంది. మనసులోనే దాచుకుని, తెర అంచున అంటించిన పసుపు చీటీ చూపించింది.

"ఇది?"

"మాటలపెట్టె పాస్‌వర్డు," అని కోడలు తల వంచుకుంది. "కంప్యూటర్లోకి రావడానికి ఎవరి లాగిన్ వాళ్ళకుంది మేడం, నాది ఎవరికీ తెలీదు. లోపలికి వచ్చాక మాటలపెట్టె మళ్ళీ ఒక పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. అది నా పేరే. చీటీ మీదున్నది అదే."

"బుద్ధున్నవాళ్ళెవరైనా తెర మీద అంటిస్తారా?"

గుమ్మం దగ్గర పదాలమ్మ దగ్గింది. "నేనే అంటించాను. నాకు గుర్తుండి చావదు. ఆ పెట్టెతో నా తిప్పలన్నీ ఇన్నీ కావమ్మాయ్. బటన్లు నొక్కడం రాదని, కొత్త పేజీ తెరుచుకోగానే దానంతటదే మాట వినేలా పెట్టించుకున్నా. నిరుడు పేజీ తెరిచిపెట్టి పక్కింటావిడతో కబుర్లలో పడ్డాను. మొత్తం రాసుకుని కూర్చుంది దరిద్రపు పెట్టె! కోడలు విని పడీపడీ నవ్వింది."

ఇంత ఏడుపులోనూ కోడలి పెదాలు కొద్దిగా వంకర పోయాయి.

అంతలో మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. గుమ్మంలో పదాలమ్మ కుర్చీ జరపకపోయేసరికి పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దూరాడు.

"ఏమన్నా తేలిందా మేడంగారూ? టైము మూడు కావస్తోంది," అన్నాడు జాలిగా.

"తేలుతోంది. మీరు నిన్న ఎన్నింటికి వెళ్ళారు?"

"ఆరింటికే. పంటి డాక్టరు దగ్గరికి."

"డాక్టరు చూసిందెన్నింటికి?"

"ఏడింటికి. రద్దీగా ఉందిలెండి."

"బీరువా రెండో తాళంచెవి మీ దగ్గరుందా?"

"ఉంది. దాన్ని వాడి ఏళ్ళయింది."

"మాటలపెట్టె ఎప్పుడైనా తెరిచారా? సరదాకైనా?"

మేనేజరు పెద్దగా నవ్వాడు. "నాకా? ఆ పెట్టెలో ఓనమాలు కూడా రావు. ఈ జన్మలో తెరవలేదు. ఈ కంప్యూటర్లో నాకు లాగిన్ ఉందంటే ఉంది, రెండు ఉత్తరాలు రాసుకోవడానికి."

"ఈ జన్మలో తెరవలేదు," అని భూతద్దం ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా చిన్న పుస్తకంలో రాసుకుంది. మేనేజరు మెడ సాచి చూశాడు గానీ, ఆ కోడికెలుకుడు రాత ఆవిడకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు.

మూడూ ఐదుకి సర్టిఫికెట్ దిగాడు. కంప్యూటర్ నేరాల నిపుణుడు. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు తన చదువు సంగతి చెప్పి తర్వాతే కూర్చుంటాడు కనక ఆ పేరు వచ్చింది. ఇదివరకు రెండు కేసుల్లో భూతద్దం చేతిలో అతనికి చుక్కెదురైంది. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదని మొహమే చెబుతోంది.

"మెషీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని ఒంటికాలి మీద లేచాడు. "నేను రిపోర్టు రాసిచ్చాను. కోడలి పేరుతో చెరిపారు. చెత్తబుట్ట ఖాళీ. మాటలు ఇక తిరిగి రావు. నాలుగింటికి దీన్ని తుడిచి కొత్తగా వేస్తున్నాను. ఇరవై మూడు సర్టిఫికెట్లున్నాయి నాకు. మీకెన్నున్నాయి మేడంగారూ?"

"ఒకటుంది. కళ్ళజోడు డాక్టరు రాసిచ్చాడు."

పదాలమ్మ ఫక్కుమంది. సర్టిఫికెట్ మొహం కందగడ్డలా అయింది.

"కోప్పడకండి," అంది భూతద్దం. "మీ రిపోర్టే చదివాను. మాటలపెట్టె చిట్టా ప్రకారం ఆరూ ఇరవై రెండుకి తెరిచారు. ఆరూ ముప్ఫై నాలుగుకి మొత్తం చెరిపారు. ఆరూ నలభై ఒకటికి మూశారు. తెరిచాక పన్నెండు నిమిషాలు దొంగ ఏం చేసినట్టు?"

"దొంగతనం కదా, చేతులు వణికుంటాయి."

"పన్నెండు నిమిషాలా? మలేరియా ఏమన్నా వచ్చిందా?" అని కోడలి వైపు చూసింది. "నువ్వు పేరు కొట్టాక ఎంతసేపట్లో తెరుచుకుంటుందమ్మా?"

"ఇరవై సెకన్లు మేడం."

"సరే. అది లోపలి పేరు. ఆ టైములో కంప్యూటర్లో ఎవరి లాగిన్ ఉందో, ఆ చిట్టా ఏదీ?"

"పొద్దున శుభ్రం చేశాను," అన్నాడు సర్టిఫికెట్ తేలిగ్గా. "మామూలుగా చేసేదే. జాగా కోసం."

"జాగా కోసం!" భూతద్దం ఆ మాటని పలికిన తీరుకి కోడలు తలెత్తింది. "ఎన్నింటికి పిలిచారు మిమ్మల్ని?"

"ఇవాళ తొమ్మిదిన్నరకి మేనేజరు ఫోన్ చేశారు. అప్పటిదాకా ఈ ఆఫీసులో ఏం పోయిందో ఏం ఉందో నాకు తెలియదు. ఇంకేమన్నా అడగాలా?"

"ఒక్కటే. నలభై ఆరు జీబీలు చెరిపితే ఖాళీ పెరగాలా వద్దా?"

సర్టిఫికెట్ చెయ్యి విసిరాడు. "కంప్యూటరంటే ఇంట్లో పప్పుల డబ్బా కాదు మేడం, తీస్తే తగ్గడానికి, పోస్తే నిండడానికి."

"అచ్చం పప్పుల డబ్బానే. అందుకే నాకు నచ్చింది," అని భూతద్దం కోడలి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. మూడూ పదిహేను.

"ఇప్పుడు నేను అడిగేదానికి నిదానంగా చెప్పు. కాపీలు ఆ బయటి డిస్కుకే వెళ్ళాలని మాటలపెట్టెకి ఎవరు చెప్పారు?"

"నేనే మళ్ళించాను మేడం. కాపీలకి జాగా చాలక. మామూలుగా అయితే ఆ అప్లికేషను తన కాపీల్ని యూజర్ ఫోల్డర్లో పెడుతుంది. ఎవరి లాగిన్‌తో తెరిస్తే వాళ్ళ ఫోల్డర్లో."

"నువ్వు మళ్ళించింది ఎవరి లాగిన్లో?"

"నా దాంట్లో."

"నీ ఒక్కదాని దాంట్లో. మరి ఇంకొకళ్ళ లాగిన్‌తో వచ్చి, లోపల నీ పేరు చెప్పి తెరిస్తే?"

కోడలు గిరుక్కున గది వైపు తిరిగింది. "తెరిచేటప్పుడు ముందు కాపీ తీసుకుంటుంది మేడం. తీసుకున్నాకే చెయ్యి పెట్టనిస్తుంది. నాకైతే పాత కాపీ ఉంది కనక మారినవే తీసుకుంటుంది, ఇరవై సెకన్లు. మొదటిసారి తెరిచేవాళ్ళకి మొత్తం తీయాలి. నలభై ఆరు జీబీలు. ‘సిద్ధమవుతోంది, ఆగండి’ అని చూపిస్తుంది, అంతే. ఏం చేస్తోందో చెప్పదు. పది పన్నెండు..." ఆ పిల్ల గొంతు కీచుమంది. "పన్నెండు నిమిషాలు!"

"ఉష్! అరవకు. లోపల ఎవరి పేరు చెప్పుకున్నా, వచ్చినవాడు తన గొడుగు గుమ్మం పక్కనే మర్చిపోయి వెళ్ళాడన్నమాట. పద, డైరెక్టర్ని పిలుద్దాం. ఫోల్డర్లన్నీ తెరిచి చూడగల పాస్‌వర్డు ఆయన దగ్గరేగా ఉంది?"

కోడలికి కాళ్ళు భూమ్మీద ఆనడం లేదు. అయినా ఎవరికీ అనుమానం రాకుండా ముక్కు చీదుకుంటూ మళ్ళీ ఏడుపు మొహం పెట్టుకుంది. ఆరేళ్ళు పదాలమ్మ దగ్గర కోడలిగా నెగ్గుకొచ్చిన పిల్ల కదా, ఆ మాత్రం నటన రాకపోదు.

డైరెక్టరు వచ్చేసరికి మూడూ ఇరవై ఐదు. కోపంలోనూ మర్యాద తప్పని మనిషి. వస్తూ వస్తూ ఫిర్యాదు కాగితం కూడా పట్టుకొచ్చాడు.

"సార్, మేనేజరుగారు నాతో ఒక మాటన్నారు. మీ ముందు ఇంకోసారి చెప్పించండి," అని భూతద్దం తన పుస్తకం తీసింది. "‘ఈ జన్మలో తెరవలేదు.’ అన్నారా, లేదా?"

"అన్నాను. ఎన్నిసార్లయినా అంటాను," అన్నాడు మేనేజరు విసుగ్గా.

"చాలు. సార్, మీ పాస్‌వర్డు కొట్టండి. అమ్మా, దూరంగా నిలబడే చెప్పు, సారు నొక్కుతారు. రేపెవరూ నువ్వు ముట్టుకున్నావని అనకూడదు."

"ఇదంతా టైము వేస్టు సార్," అని సర్టిఫికెట్ అడ్డం రాబోయాడు. "నేను చూసేశాను. ఏమీ లేవు."

"మీరు చూసింది నట్టిల్లు. అటక చూడలేదు," అంది భూతద్దం. "ఈ ఫోల్డర్లు మామూలుగా కనపడవటగా? తెలియనివాళ్ళు చెయ్యి పెట్టి పాడుచేస్తారని దాచిపెట్టి ఉంచుతారట. ఇరవై మూడింట్లో ఒక్క సర్టిఫికెట్టూ ఈ సంగతి చెప్పలేదా?"

డైరెక్టరు నొక్కాడు. ఒకదాని కింద ఒకటి యూజర్ ఫోల్డర్లు వచ్చాయి. వాటి ఎదురుగా బరువులు తేలడానికి కాస్త సమయం పట్టింది. డైరెక్టరు ఫోల్డరు రెండు జీబీలు. కోడలిది ఒకటిన్నర. పదాలమ్మది అర.

మేనేజరుది నలభై ఎనిమిది.

"రెండు ఉత్తరాలు రాసుకున్నానన్నారు," అంది భూతద్దం తీయగా. "చాలా పొడుగు ఉత్తరాల్లా ఉన్నాయే!"

డైరెక్టరు ఆ ఫోల్డరు లోపలికి, దాని లోపలికి వెళ్ళాడు. 'మాటలపెట్టె' అని ఒకటి కనపడింది. అందులో రెండు కాపీలు. మొదటిది నలభై ఆరు జీబీలు. నిన్నటి తేదీ, మొదలైన టైము ఆరూ ఇరవై రెండు, పూర్తయిన టైము ఆరూ ముప్ఫై నాలుగు.

"సార్, అది తిరిగి తెప్పించండి," అంది కోడలు. "కింద బటన్ ఉంటుంది. ఆఁ, అదే."

తెర మీద గీత కదలడం మొదలైంది. భూతద్దం గడియారం చూసి టైము రాసుకుంది. మూడూ ముప్ఫై ఒకటి. ఆ గీత గదిలో అందరి ప్రాణాలూ తోడేస్తూ ఇటు నుంచి అటు పాకింది. సర్టిఫికెట్ కిటికీలోంచి కింద పార్కు చేసిన బండ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. మూడూ నలభై మూడుకి గీత చివరికి చేరింది.

"పన్నెండు నిమిషాలు," అంది భూతద్దం. "చెయ్యి వణికింది మెషీనుకి కాబోలు."

పెట్టె తెరుచుకుంది. మూలన అంకె వెలిగింది. అరవై ఒక్క వేల నాలుగు వందల పదకొండు.

డైరెక్టరు ఏదో ఒక మాట మీద నొక్కాడు. బొంగురు గొంతు ఒకటి, వెనక నీళ్ళ చప్పుడుతో, "చుక్కాని" అని పలికి, అది పట్టుకున్నవాడు నిద్రపోకూడదని కూడా చెప్పి నవ్వింది. ఆ పడవ మనిషి పోయి మూడేళ్ళయింది. పదాలమ్మ కుర్చీలోంచి లేవలేక కూర్చునే చేతులు చాచింది. కోడలు పరుగెత్తుకెళ్ళి ఆ ఒళ్ళో పడింది. "నా తల్లే, నా బంగారమే," అని అత్తగారు ఏడుస్తూ ఆ పిల్ల వీపు మీద దరువు వేసినట్టు కొడుతోంది. భూతద్దం కళ్ళజోడు తీసి మళ్ళీ తుడుచుకుంది. ఈసారి నిజంగానే మసకబారింది.

డైరెక్టరు ఫిర్యాదు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. చింపబోతుంటే సర్టిఫికెట్ గొంతు విప్పాడు.

"ఒక్క నిమిషం సార్. మాటలు దొరికాయి, సంతోషం. కానీ దొంగ ఎవరో తేలలేదు. ఆ ఫోల్డరు మేనేజరుగారిదే. కానీ ఆయన లాగిన్‌తో వచ్చింది ఆయనే అనడానికి సాక్ష్యమేది? ఈ అమ్మాయే ఆయన పాస్‌వర్డు కనిపెట్టి, ఆయన మీదికి తోసెయ్యడానికి ఇదంతా చేసుండొచ్చు. కంప్యూటర్ల పని బాగా తెలిసింది ఈవిడకేగా? పైగా డిస్కు ఇంకా దొరకలేదు."

"అదీ!" అన్నాడు మేనేజరు ప్రాణం లేచొచ్చినట్టు. "నా పాస్‌వర్డు మా పిల్లల పుట్టినరోజు సార్. ఆఫీసంతా తెలుసు. నేను పంటి డాక్టరు దగ్గరున్నాను!"

డైరెక్టరు చేతిలో కాగితం ఆగిపోయింది. సర్టిఫికెట్ మాటలో పట్టు ఉందని భూతద్దానికీ తెలుసు. గొడుగు దొరికింది నిజమే. గొడుగు కింద నడిచిన మనిషిని ఎవరూ చూడలేదు. గోడ మీద మూడూ నలభై తొమ్మిది.

"మేడం," అంది కోడలు మెల్లగా. కన్నీళ్ళ మధ్యనుంచే తెర వైపు చూస్తోంది. "రెండో కాపీ ఉంది కదా. మూసేటప్పుడు తీసుకున్నది. అప్పటికి అంతా చెరిపేశారు. అందులో ఏమీ ఉండకూడదు."

"మరి ఎంతుంది?"

"పదకొండు ఎంబీలు."

భూతద్దం చటుక్కున తల తిప్పింది. నలభై ఆరు జీబీల పక్కన పదకొండు ఎంబీలంటే గోడౌను నేల మీద ఒక గింజ. ఊడ్చేసిన గోడౌనులో గింజ ఎక్కడిది?

"మాటలన్నీ చెరిపేస్తే ఆ పెట్టె ఏం చేస్తుందమ్మా?"

"ఏమీ మిగలకపోతే కొత్త ఖాళీ పేజీ తెరుస్తుంది." చెబుతూ చెబుతూనే కోడలు కళ్ళు పెద్దవయ్యాయి. "పేజీ తెరుచుకోగానే..."

"వినడం మొదలుపెడుతుంది!" అని గుమ్మంలోంచి అరిచింది పదాలమ్మ. "దరిద్రపు పెట్టె! నా బంగారు పెట్టె!"

"పేరు పెట్టకుండా మూసేస్తే అది మాటల్లో చేరదు మేడం. చిత్తుగా ఆ మనిషి ఫోల్డర్లోనే పడి ఉంటుంది," అంది కోడలు.

"సార్, నొక్కండి," అంది భూతద్దం.

మేనేజరు "సార్, వద్దు సార్" అని చెయ్యి చాచేలోగానే డైరెక్టరు నొక్కేశాడు. ముందు కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత మేనేజరు గొంతు, పక్కనే నిలబడి మాట్లాడినంత స్పష్టంగా.

"ఆఁ, నేనే. అయిపోయింది. మొత్తం ఊడ్చేశా. ఆ పిల్ల పేరుతోనే. చీటీ తెరకే అంటించుకుంది పిచ్చిది... ఆఁ, డిస్కా? కిందికెళ్ళి నీ బండి డిక్కీలో పడేశా, తాళం వేసుకో. అది పట్టుకెళ్తే అవతలి సంస్థలో పెద్ద కుర్చీ మనకే. పదకోశం మీద నా పేరు, పక్కన నీ పేరు. సరేనా? రేపు తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తా, ఏమీ ఎరగనట్టు రా. రాగానే ఆ లాగిన్ల చిట్టా తుడిచెయ్. ‘ఇక తిరిగి రావు’ అని రాసివ్వు. అనుమానమొస్తే గదమాయించు. ఇరవై మూడు సర్టిఫికెట్లున్నాయిగా, ఇలాంటప్పుడు కాకపోతే ఇంకెప్పుడు పనికొస్తాయి?"

నవ్వు. అక్కడితో రికార్డింగు అయిపోయింది.

అందరి కళ్ళూ మేనేజరు మీంచి జరిగి కిటికీ దగ్గర నిలబడ్డ నిపుణుడి మీద వాలాయి. సర్టిఫికెట్ కిందనున్న బండి వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూశాడు. తర్వాత గుమ్మం వైపే దూకాడు. అక్కడ పదాలమ్మ కుర్చీ ఉంది. కుర్చీలో పదాలమ్మ ఉంది.

"మోకాళ్ళ నొప్పులు నాయనా, లేవలేను," అందావిడ నిమ్మకు నీరెత్తినట్టు. "డైరెక్టరుగారూ, పోలీసులకి ఫోన్ చేస్తానన్నారుగా, చెయ్యండి. ఆ డిక్కీ కూడా చూసిపొమ్మనండి."

డైరెక్టరు చేతిలోని కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేసి ఫోను అందుకున్నాడు. ఫోను పెట్టేశాక కోడలి ముందు నిలబడి, "తప్పయిపోయిందమ్మా. ఆ కుర్చీలో కూర్చో. పెద్ద డిస్కు కూడా రేపే తెప్పిస్తాను," అన్నాడు. భూతద్దం బీరువా పక్కకి వెళ్ళి, శుక్రవారం గడిలో తన కోడికెలుకుడు రాతతో మధ్యాహ్నం చూసిన యాభై ఒకటి అని రాసింది. వెనక్కి జరిగి ఆ అంకెను చూసుకుంటే, పద్దెనిమిదేళ్ళ గోడౌన్లలో ఏనాడూ రానంత గర్వం ఒక్కసారిగా పొంగుకొచ్చింది. పెరగాల్సిన ఖాళీ పెరగలేదు. ఆ ఒక్క అంకె చాలు!

కోడలు కంప్యూటరు ముందు కూర్చుంది. తెర మీద ఆ రికార్డింగు పేజీ ఇంకా తెరిచే ఉంది. పేరు పెట్టమని అడుగుతోంది.

"మూసెయ్యనా అత్తయ్యా?"

"మూస్తావెందుకే? పేరు పెట్టి దాచు. అరవై ఒక్క వేల నాలుగు వందల పన్నెండు."

కోడలు అంకె కొట్టింది. కింది గడి దగ్గర వేళ్ళు ఆగాయి. "మాట చెప్పినవారి వృత్తి అని అడుగుతోంది. ఏం రాయమంటారు?"

పదాలమ్మ కుర్చీలో నిటారుగా సర్దుకుని, మూలన కుక్కిన పేనులా నిలబడ్డ మేనేజరుని ఎగాదిగా చూసింది.

"ఆయన్నే అడుగు. చెప్పినవాళ్ళని అడక్కుండా పందొమ్మిదేళ్ళలో ఒక్క మాటా రాయలేదు నేను."